పాత పడవ, దాని వెనక దోనె

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీవారు ఫోన్ చేసి, మీకిష్టమైన విషయం మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. పడవ గురించి మాట్లాడతానంటే అవతల కాసేపు మాట వినపడలేదు. కోసిగి వాడికి పడవేమిటని సందేహం. న్యాయమైన సందేహమే. బోరింగు దగ్గర వరసలో బిందె పెట్టి బడికి పరిగెత్తిన తరం మాది. నీళ్లలో తేలే వస్తువు బరువు గురించి మా ఫిజిక్స్ సారు సత్తు గిన్నె, బకెట్టు పెట్టి పాఠం చెబితే, ఆ బకెట్టు నీళ్లు తర్వాత చెట్లకు పోసేవాళ్లం. పారబోసే ప్రశ్నే లేదు.

ఉద్యోగరీత్యా నేను అమెరికాలో మేరీల్యాండ్ చేరాను. అక్కడ చెసపీక్ బే అని పెద్ద అఖాతం ఉంది. దాని ఒడ్డున అనాపొలిస్ అనే ఊళ్లో ఇళ్ల ముందు కార్లు ఎన్నో, రేవులో పడవలు అన్ని. పన్నెండేళ్ల కిందట అక్కడ ఒక పాత తెరచాప పడవ కొన్నాను. క్యాటలీనా 30 అని దాని రకం. ఫ్రాంక్ బట్లర్ అనే కాలిఫోర్నియా ఆయన కంపెనీ 1974 నుంచి 2008 దాకా ఇలాంటివి ఆరు వేలకు పైగా కట్టింది. నాది 1984లో తయారైంది. పొడవు 30 అడుగులు, బరువు సుమారు 4,600 కిలోలు. అందులో దాదాపు 1,900 కిలోలు అడుగున వేలాడే కీల్‌లోనే ఉంటుంది. గాలికి పడవ ఒక పక్కకు ఒరిగినా మళ్లీ లేచి నిలబడేది ఆ బరువు వల్లే. లోపల నలుగురు పడుకోవచ్చు, పొయ్యి ఉంది, బాత్‌రూం ఉంది.

మన ఊరి స్నేహితులు మొదట అడిగేది, "దానికెంత పడిందప్పా?" అని. ఒక సెకండ్ హ్యాండ్ కారంత. అసలు అడగాల్సింది అది కాదు. ఏటా ఎంత పడుతుందని అడగాలి. కొన్న ధరలో పదో వంతు అని పడవలవాళ్లు ఒక లెక్క చెబుతారు. పాత పడవకు ఆ లెక్క పనికిరాదు. పడవ ధర పడిపోతూ వస్తుంది, ఖర్చు మాత్రం కొత్త పడవంతే ఉంటుంది. రంగు డబ్బాకు, ఇనుప తీగకు పడవ వయసు తెలియదు కదా. మా అమ్మ ఒకసారి వచ్చి అంతా విని, "నీళ్లల్లో దుడ్లు పోసేదంటే ఇదేనేమప్పా" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

పడవంటే మనకు తెలియనిది కాదు, మరిచిపోయాం అంతే. మన మండలానికి ఉత్తరాన తుంగభద్ర పారుతోంది. అందులో పుట్టి తిరుగుతోంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, ఈ ఏటి మీద బుట్టల్లాంటి గుండ్రటి పడవలు ఉన్నాయని, లోపల బెత్తం, బయట తోలు, పదిహేను ఇరవై మందిని మోస్తాయని రాసిపెట్టాడు. ఇప్పుడు తోలు పోయి ప్లాస్టిక్ పట్టా, తారు వచ్చాయి. వెదురు బద్దల అల్లిక అదే, ఒంటి తెడ్డు అదే. పుట్టి మనిషి పని అయిపోగానే దాన్ని ఒడ్డుకు లాగి బోర్లిస్తాడు. తారు ఎక్కడ పగిలిందో చూసి పూస్తాడు. నేను అమెరికాలో పెద్ద యార్డులో డబ్బు కట్టి చేసే పని కూడా ఇదే. చలికాలం ముందు క్రేనుతో పడవను పైకెత్తి నేల మీద నిలబెడతాం. అడుగున పట్టిన నాచు, గవ్వ పురుగులు గోకి, మళ్లీ అవి పట్టకుండా రాగి కలిసిన రంగు వేస్తాం. ప్రొపెల్లర్ ఇరుసుకు ఒక జింకు దిమ్మ బిగిస్తాం. ఉప్పు నీళ్లలో రెండు రకాల లోహాలు కలిసుంటే ఒకటి రెండోదాన్ని తినేస్తుంది. కంచును కాపాడటానికి జింకును మేత వేస్తున్నామన్నమాట. సారు ఇక్కడే ఉన్నారు, తప్పయితే దిద్దండి.

నీళ్లు బయటి నుంచి ఒక్కసారిగా వచ్చి ముంచుతాయని జనం భయపడతారు. పాత పడవలో అలా జరిగేది తక్కువ. చుక్క చుక్కగా, కనపడని చోట చేరి, చెక్కను తింటాయి. నా పడవలో ఒక ఎండాకాలం బాత్‌రూం తలుపు బిగుసుకుంది. రేవులో పక్క పడవాయన, వానకు చెక్క ఉబ్బింది, అంచు కొంచెం చిత్రిక పట్టమన్నాడు. చిన్నప్పుడు మా వీధిలో వడ్రంగాయన ఒకరు తలుపు బిగిస్తే ముందు తలుపును కాదు, గోడను చూడమనేవాడు. గోడలో తేడా లేకపోతే నేలను చూడాలి. నేను నేల పలకలు ఎత్తి చూశాను.

సంగతేమిటంటే, ఈ రకం పడవలో తెరచాప స్తంభం పైకప్పు మీద నిలబడుతుంది. దాని బరువు, తీగల బిగువు అన్నీ కప్పు కింద ఉన్న ఒక గుంజ మీదికి దిగుతాయి. ఆ గుంజ పడవ అడుగున ఒక చెక్క దిమ్మ మీద ఆనుతుంది. ఆ దిమ్మ ఉండే చోటే పడవలో కారిన ప్రతి నీటి చుక్కా చేరేది. ముప్పై ఏళ్లకు పైగా నానింది. స్క్రూడ్రైవరుతో పొడిస్తే తడిసిన బెల్లంలో దిగినట్టు దిగిపోయింది. దిమ్మ కుంగింది, దాంతో గుంజ కుంగింది, కప్పు కుంగింది, తలుపు బిగుసుకుంది. ఆ రోజు తలుపు అంచు చిత్రిక పట్టి ఉంటే తలుపు బ్రహ్మాండంగా మూసుకునేది. స్తంభం మాత్రం అలాగే దిగుతూ ఉండేది.

తీగలు వదులు చేసి, లారీ జాకీ లాంటిది పెట్టి కప్పును మిల్లీమీటర్ల లెక్కన పైకెత్తి, కుళ్లిన దిమ్మను ఉలితో చెక్కి తీసి, ఆ చోట ఫైబర్‌గ్లాసు దిమ్మ పోశాం. సామాను ఖర్చు పెద్దగా లేదు. రెండు వారాల సాయంత్రాలు, నా మోకాళ్లు ఖర్చయ్యాయి. కప్పు పైకి రాగానే తలుపు తనంతట తానే తెరుచుకుంది.

ఇంజను గురించి రెండు మాటలే చెబుతాను. రైతు బిడ్డలకు అది తెలిసినదే. కుబోటా ట్రాక్టర్ల కంపెనీ చేసిన డీజిల్ ఇంజనునే పడవకు తగ్గట్టు మార్చి అమ్మారు. బయటి నీళ్లను లాగి చల్లబరిచే చిన్న రబ్బరు చక్రం ఒకటుంటుంది, అరచేతిలో పడుతుంది. ఏటా అది మార్చాలి. మార్చకపోతే ఏదో ఒక రోజు దాని రెక్క తెగి ఇంజను వేడెక్కి ఆగుతుంది, అదీ ఓడలు తిరిగే దారి మధ్యలో.

తెరచాప గురించి చెప్పాలంటే ఎమ్మిగనూరు గుర్తుకొస్తుంది. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు. మా బ్యాచ్‌లో సగం మంది బంధువులు మగ్గం మీద బతికినవాళ్లే. తెరచాప గుడ్డ పాలిస్టరు, చాలా బిగుతు నేత. పడుగు వైపు లాగినా, పేక వైపు లాగినా సాగదు. ఐమూలగా లాగితే సాగుతుంది. అందుకే గాలి ఎటు నుంచి లాగుతుందో లెక్కగట్టి పట్టీలు కోసి కుడతారు. పాతబడితే గుడ్డ చిరగక ముందే ఆకారం పోతుంది, కడుపు జారుతుంది. అప్పుడు పడవ ముందుకు పోయేది తక్కువ, పక్కకు వాలేది ఎక్కువ. ఎండ గుడ్డ కన్నా ముందు కుట్టుదారాన్ని తింటుంది. అందుకని ఏటా శీతాకాలంలో తెరచాప మా హాల్లో పరిచి, ప్రతి కుట్టునూ గోటితో గీకి చూస్తాను. మా ఆవిడ ఆ వారం వంటింట్లో ఉంటుంది, కోపంగా.

ఇక తీగలు. స్తంభాన్ని నిలబెట్టేవి స్టెయిన్‌లెస్ స్టీలు తీగలు, చూడ్డానికి కొత్త గిన్నెల్లా మెరుస్తుంటాయి. గాలి తగలని సందుల్లో, కొసలు బిగించిన చోట లోపల్లోపల తుప్పు తింటుంది. ఒక పోగు తెగిందో లేదో చూడటానికి దూది ఉండతో తీగ పొడవునా తుడుస్తాం. తెగిన చోట దూది పీచు పట్టుకుంటుంది. ఆదోని పత్తి మార్కెట్ పక్కన పెరిగినవాడికి ఇది సులువైన పరీక్ష. అయితే దూది చెప్పేది పైపోగుల సంగతే.

మూడేళ్ల కిందట ఇన్సూరెన్సువాళ్లు సర్వేయరు రిపోర్టు కావాలన్నారు. ఆయన వచ్చి రోజంతా చిన్న సుత్తితో పడవను తట్టి చూసి, తీగలన్నీ మార్చాల్సిందేనని రాశాడు. ఖర్చు అంచనా చూస్తే, పడవను అమ్మితే వచ్చే డబ్బులో సగం పైనే. అమ్మేద్దామని ఇంట్లో అన్నారు. తీగలు బాగాలేని పడవ ఎవరు కొంటారు? కొన్నా, ఆ సంగతి తెలియని కుర్రాడే కొంటాడు. ఫైబర్‌గ్లాసు కుళ్లదు, కాలవల్లో వదిలేసిన ఇలాంటి పడవలు అక్కడ ఒక సమస్య. వాటిని ముక్కలు చేసి పారేయాలన్నా డబ్బే. లెక్క వేసుకుని, మార్పించాను. కొసలు బిగించే పని తెలిసినవాడికి ఇచ్చి, మిగతాది నేనే చేశాను. లాభమైన పని అని చెప్పను. ఇప్పుడు గాలి పెరిగినప్పుడు మనవరాలు ముందు కూచున్నా నా కళ్లు స్తంభం పైకి పోవు. నేను కొన్నది అదే.

ప్రపంచం చుట్టి వచ్చేవాళ్లకూ ఈ బాధ తప్పదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరిన నౌకాదళ పడవ తారిణిలో ఆరుగురు మహిళా అధికారులున్నారు. వారిలో విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. 55 అడుగుల పడవ, ఏడాది వయసు లేదు, కొత్తది. అయినా తిరుగు దారిలో చుక్కాని యంత్రం మొరాయించి, అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. బాగుచేసుకుని 2018 మే 21న గోవా చేరారు. దండలు వేసేటప్పుడు ఆ మారిషస్ మజిలీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నాకైతే ఆ ప్రయాణంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం అదే.

ఇప్పుడు దోనె. పెద్ద పడవ లోతు లేని చోటికి రాదు. నాది ఐదు అడుగుల పైచిలుకు నీళ్లుంటేనే తేలుతుంది. లంగరు వేసి, వెనక కట్టుకొచ్చిన చిన్న దోనెలో ఒడ్డుకు పోవాలి. దాన్ని డింగీ అంటారు. ఆ ఇంగ్లీషు మాట మన దేశం నుంచి వెళ్లిందే, హిందీలో, బెంగాలీలో డింగి అంటే చిన్న పడవ. నాది గాలి నింపే రబ్బరు దోనె. ఎండకు దాని అతుకులు ఊడతాయి. గాలి తగ్గితే సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో చూసి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, ఆరనిచ్చి ప్యాచీ వేస్తాను. బస్టాండు దగ్గర సైకిల్ షాపులో గంటలు గంటలు కూచుని నేర్చుకున్న విద్య ఇది. పదో తరగతి మార్కుల కన్నా ఎక్కువ పనికొచ్చింది.

కానీ ఒక్కటి చెప్పాలి. పెద్ద పడవ మీద అందరూ జాగ్రత్తగా ఉంటారు. దోనె దగ్గరికొచ్చేసరికి, ఒడ్డు కనపడుతోంది కదా, ఐదు నిమిషాలే కదా అంటారు. చీకట్లో, సామానుతో, ఒకరు ఎక్కువైనా ఎక్కేస్తారు. లైఫ్ జాకెట్టు పెద్ద పడవలోనే వదిలేస్తారు. నీళ్లలో పడి మునిగి పోయినవాళ్లలో ఎక్కువమంది జాకెట్టు వేసుకోనివాళ్లేనని అమెరికా కోస్ట్ గార్డు నివేదికలు ఏటా చెబుతున్నాయి. ఈత వచ్చినవాళ్లూ అందులో ఉంటారు. నా దోనెలో జాకెట్టు లేకుండా ఎవరినీ ఎక్కించను. ఒకసారి మా వియ్యంకుడు అలిగి ఒడ్డునే ఉండిపోయాడు. భోజనం డబ్బాలో పంపాం.

ఇదంతా చెప్పడానికి కారణం ఉంది. మన బడికి ఏటి ఒడ్డు ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉన్నారు. ఆ ఊళ్లలో పుట్టి మీద చేపలకు పోయేవాళ్లున్నారు, పిల్లల్ని వెంట ఎక్కించుకునేవాళ్లున్నారు. నేను పోయిన వారం ఒడ్డున చూసిన పుట్టుల్లో ఒక్క జాకెట్టు లేదు. అడిగితే, "వల విసిరేటప్పుడు చేతికి అడ్డమొస్తాది సార్, ఎండకు ఉడికిపోతాది" అన్నారు. నిజమే. వల విసిరేవాడు వేసుకోడు, వాడితో నేను వాదించను. పిల్లలకు, అవతలికి పోయే మనుషులకు వేద్దాం. ముందు అక్కడ మొదలుపెడదాం.

నా వంతు నలభై జాకెట్లు తెచ్చాను, స్టేజీ వెనక గదిలో ఉన్నాయి. పది చిన్న పిల్లల సైజు. గాలి నింపేవి కాదు, ఫోమువి, ముల్లు గుచ్చుకున్నా పాడవవు. ఒక్కో దానికి ఈల కట్టి ఉంది. కానీ ఇచ్చేసి ఫోటో దిగి పోతే మూడేళ్లలో అవి గడ్డివాముల్లో ఉంటాయి. ఏటా ఏరు నిండక ముందు, జూన్‌లో, ఎవరైనా పోయి ప్రతిదీ చూడాలి. గుడ్డ రంగు వెలిసిందా, గోటితో లాగితే చిరుగుతోందా, పట్టీ కుట్టు గట్టిగా ఉందా, నడుము లోతు నీళ్లలో వేసుకుంటే మనిషిని ఎత్తుతోందా. చిరిగింది మార్చాలి. ఆ మార్చే ఖర్చు నేను బతికున్నంత కాలం ఏటా పంపుతాను. పోయి చూడటానికి మాత్రం ఇక్కడివాళ్లే కావాలి. ఇద్దరు చాలు, ఒక నోటుబుక్కు చాలు. పడవ నాకు అమ్మినాయన ఇచ్చినలాంటిదే. ఏ తేదీన ఏది విప్పాడో, ఏది మార్చాడో అందులో రాసి పెట్టాడు. నా పన్నెండేళ్లవీ అందులోనే ఉన్నాయి.

పేర్లు ఇవ్వదలచినవాళ్లు భోజనాల దగ్గర కార్యదర్శిగారికి ఇవ్వండి. రేపు పొద్దున ఏడింటికి నేను ఏటి గడ్డకు పోతున్నాను, జీపులో ఇంకా నలుగురికి చోటుంది.