మోకాటి మృదులాస్థి

మోకాటియందు ఎముకల కొనలను గప్పియుండు నునుపైన పొరకు మృదులాస్థి యని పేరు. దానిలో రక్తనాళములు లేవు. కావున లోతుగా చెడినచో మరల సరిగా మానదు. ఈ సంగతిని 1743లోనే విలియం హంటర్ అను వైద్యుడు లండనులోని రాయల్ సొసైటీకి తెలిపెను.

ఇటీవలి శాస్త్రజ్ఞులు కుందేళ్లయందును, మేకలయందును, గొఱ్ఱెలయందును ఒక యుపాయమును పరీక్షించిరి. చెడిన చోట సన్నని రంధ్రములుగల యల్లికను పొదుగుదురు. జీవకణములు దానిని పట్టుకొని క్రొత్త పొరను పెంచును. తీగకు పందిరివలె అది యాధారము. పిదప, శస్త్రవైద్యులు కుట్టు కరగెడి దారమువలె, తానే కరగిపోవును. త్వరగా కరగినచో క్రొత్త పొరకు ఆధారము తప్పును; ఆలసించినచో ఎదుగుదలకు అడ్డమగును. పెరిగిన పొరయు తఱచుగా సహజమైనదానంత దృఢముగా నుండదు.

ఇది చిన్న గాయమునకు తగిన యుపాయమేగాని, వార్ధకమున మోకాలంతయు అరిగినవారికి మందు కాదు. కనుక ఉన్న పొరను కాపాడుకొనుటయే మనకు మేలు.