అవార్డు ఏ పరిశోధనకు?

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యువ బయోటెక్నాలజీ పరిశోధకులకు అవార్డులివ్వాలి, విదేశీ సంస్థలతో కలిసి పనిచేసే అవకాశాలు కల్పించాలి అన్న మాట వినగానే ఇది మన సంగతి కాదనుకుంటాం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేసే మనం అలా అనుకోడానికి వీల్లేదు. అలాంటి ప్రయోగం మన చెలకల్లోనే జరిగింది.

1990ల మధ్యలో నెదర్లాండ్స్ ప్రభుత్వ నిధులతో ఆంధ్రప్రదేశ్ - నెదర్లాండ్స్ బయోటెక్నాలజీ కార్యక్రమం మొదలైంది. హైదరాబాదులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్ దాన్ని నడిపింది. మెట్ట సేద్యం కోసం ఎంచుకున్నవి ఈ రెండు జిల్లాలే. ఏ పరిశోధన చెయ్యాలో డబ్బిచ్చేవాళ్ళు కాక, రైతుల్ని అడిగి ఇక్కడి కమిటీయే నిర్ణయించాలన్నది దాని పద్ధతి. విదేశీ సహకారంలో ఇలాంటి షరతు అరుదు. దాని విలువను మనం గుర్తించాలి.

ఆముదాన్ని దాసరి పురుగు తినేస్తుంది. కందికి కాయ తొలిచే పురుగు. వానలు పట్టుకుంటే ఆముదం గెలలకు బూజు తెగులు. ఈ కష్టాలకు రెండు రకాల జవాబులొచ్చాయి. ఒకటి, వానపాముల ఎరువు, ట్రైకోడెర్మాతో విత్తనశుద్ధి, ఎన్.పి.వి. ద్రావణం. ఎన్.పి.వి. అంటే పురుగుకు జబ్బు తెప్పించే వైరస్. జబ్బుపడిన పురుగులు కొమ్మలకు తలకిందులుగా వేలాడుతుంటాయి. వాటిని ఏరి, నూరి, నీళ్ళలో కలిపి, వడగట్టి, సాయంత్రం పూట చల్లాలి. ఎండ తగిలితే వైరస్ చచ్చిపోతుంది. ఈ పని ఊళ్ళో ఆడవాళ్ళు నేర్చుకుని చేసుకోగలిగినదే. రెండోది ప్రయోగశాల జవాబు: ఆముదంలో, జొన్నలో పురుగును తట్టుకునే కొత్త జన్యువు పెట్టడం. అడిగింది పురుగు బెడద పోవాలని. జన్యువు పెట్టాలన్న మాట ప్రయోగశాలది. అలాంటి ఆముదం ఈనాటికీ మన రైతు చేతికి రాలేదు.

ఈ రెండు పనులూ అవార్డు కమిటీ ముందుకొస్తే దేనికి దక్కుతుందో వేరే చెప్పాలా? విదేశీ పత్రికలో పేపరు పడే పనికే గదా! కుర్ర శాస్త్రవేత్తలను తప్పుపట్టి లాభం లేదు. ప్రాజెక్టు ఉన్నంతకాలమే ఉద్యోగం ఉండేవాళ్ళు కమిటీ మెచ్చే పనే చేస్తారు. కాబట్టి మనం మాట్లాడాల్సింది కమిటీతో.

ఇంకో సహకారం గురించి కూడా చెప్పాలి. 2002లో అనుమతి పొందిన బి.టి. పత్తి కూడా విదేశీ సాంకేతిక సహకారంతో వచ్చిందే. మన దేశంలో దాన్ని ప్రధానంగా హైబ్రిడ్ విత్తనంగా అమ్మారు. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఒక్కొక్క మొగ్గలోంచి పుప్పొడి భాగాలు చేత్తో తీసేసి, మర్నాడు వేరే పువ్వు పుప్పొడి అద్దాలి. గద్వాల ప్రాంతపు పత్తి విత్తనాల చేలల్లో ఈ క్రాసింగ్ పని చేసింది ఎక్కువగా బడి మానిన ఆడపిల్లలు. వాళ్ళూ బయోటెక్నాలజీలో పనిచేసిన చిన్నవాళ్ళే. వాళ్ళకు దక్కింది అడ్వాన్సు, అప్పు.

ఇక ప్రయోగశాలలోని ఆడవాళ్ళ సంగతి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం యువ శాస్త్రవేత్తల అవార్డు పెట్టినప్పుడు 35 ఏళ్ళలోపు వారికన్నారు. చదువు ముగించి, పెళ్ళై, పిల్లల్ని కని, పనిలోకి తిరిగొచ్చే స్త్రీకి అది ఏ వయసు? 2002లో సైన్స్ విభాగం పని మధ్యలో విరామం వచ్చిన స్త్రీలకు ఒక పథకం తెచ్చింది. 2011లో బయోటెక్నాలజీ విభాగం బయోకేర్ పథకం పెట్టింది. ఇవి దయతో ఇచ్చినవి కావు. గడియారం ఎవరి జీవితాన్ని చూసి తయారైందో ఆలస్యంగానైనా గుర్తించినట్టు.

మెదక్ జిల్లా అల్గోల్‌లో 2001లో ప్రజాతీర్పు జరిగింది. చిన్న, సన్నకారు రైతులే జ్యూరీ, అందులో ఎక్కువమంది స్త్రీలు. శాస్త్రవేత్తలను, కంపెనీవాళ్ళను, అధికారులను పిలిపించి, వాదనలు విని, జన్యుమార్పిడి పంటలు వద్దన్నారు. ఆ తీర్పుతో అందరూ ఏకీభవించనక్కర్లేదు. నేను అడిగేది, చదువురాని రైతు స్త్రీలు అంత శ్రద్ధగా సాక్ష్యాలు వినగలిగినప్పుడు అవార్డుల కమిటీలో వాళ్ళకు కుర్చీ ఎందుకుండదని.

డచ్చి కార్యక్రమం 2007లో ముగిసింది. దాని వారసత్వంగా రాజేంద్రనగర్‌లో అగ్రి బయోటెక్ ఫౌండేషన్ ఏర్పడింది. మన ఊళ్ళలో ఏ పంట మీద ఏ ప్రయోగం జరిగింది, ఏది పనికొచ్చింది, ఏది మధ్యలో ఆగిపోయింది అన్న వివరాలు తెలుగులో సంఘాలకు ఇమ్మని ముందుగా అడుగుదాం. అర్జీ రాసి తెచ్చాను. చదివి, మార్పులుంటే చెప్పండి. సంతకాలు భోజనాల తర్వాత పెడదాం.