ఎవరి టైము రైటు?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ కార్డుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు మొదట నవ్వారు. తర్వాత "అరగంటలో ముగించాలి" అని షరతు పెట్టారు. నేను ఫిజిక్సు ప్రొఫెసర్ని కాను. ముప్ఫై నాలుగేళ్ళు స్టేషన్ మాస్టరుగా పనిచేసినవాణ్ణి. కాని ఈ సిద్ధాంతం పుట్టుకలోనే బండీ గడియారమూ ఉన్నాయి. 1905లో రాసిన వ్యాసంలో, "సమయం" అంటే మనం ఏమనుకుంటున్నామో చెప్పడానికి ఐన్‌స్టీన్ ఎత్తుకున్న ఉదాహరణ, ఏడు గంటలకు స్టేషన్‌కు బండి రావడం. అప్పటికి ఆయనకు 26 ఏళ్ళు. స్విట్జర్లాండులోని బెర్న్ పట్టణంలో పేటెంట్ ఆఫీసులో మూడో తరగతి నిపుణుడిగా ఉద్యోగం. మనలాంటి ఉద్యోగస్తుడే.

ముందు నా సొంత కథ చెప్పాలి. స్టేషన్ పేరు అనవసరం. సింగిల్ లైను, నేను కొత్తగా చేరిన రోజులు, నైట్ డ్యూటీ. ఒక గూడ్సు బండికి పక్క స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకుని, మెషీన్‌లోంచి టోకెన్ తీసి, డ్రైవరుకు పంపాను. నా రిజిస్టరులో లైన్ క్లియర్ 2.16 అని రాశాను. గార్డు గారు తన పుస్తకంలో బండి బయలుదేరింది 2.14 అని రాసుకున్నారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే లైన్ క్లియర్ రాకముందే బండి వదిలినట్టు! అది ఎంత పెద్ద నేరమో ఈ సభలో చెప్పనక్కరలేదు. ఛార్జిషీటు వచ్చింది. ఎంక్వైరీలో ఒకటే ప్రశ్న: "ఎవరి టైము రైటు?"

భయంతో నేను నా సంజాయిషీలో గార్డు గారి వాచీ స్లో అని రాశాను. అది అబద్ధమని అప్పుడు నాకు తెలియదు. తీరా పక్క స్టేషన్ రిజిస్టరు తెప్పిస్తే అక్కడ 2.12 ఉంది. నా స్టేషన్ గడియారమే నాలుగు నిమిషాలు ఫాస్టు. మనకు రోజూ సాయంత్రం 16 గంటలకు టైము సిగ్నల్ వస్తుంది కదా, దాన్ని బట్టి గడియారం సరిచేయాలి. ఆ రోజు సరిచేయలేదు, నేను ఛార్జి తీసుకునేటప్పుడు చూసుకోనూ లేదు. పెద్ద నేరం కొట్టేశారు, గడియారం నేరానికి ఆరు నెలలు ఇంక్రిమెంటు ఆపారు. అది న్యాయమే. అయితే గార్డు గారికీ నాకూ ఆరేళ్ళు మాటల్లేకుండా పోయాయి.

చాలాకాలానికి ఒక లైబ్రరీలో ఐన్‌స్టీన్ మామూలు జనం కోసం రాసిన చిన్న పుస్తకం దొరికింది. అందులోనూ రైలే! అప్పటినుంచి ఇది నన్ను వదల్లేదు.

ఒక అపోహ తీసేస్తాను. "మా అబ్బాయికి అమెరికాలో రాత్రి, నాకు పగలు, ఇదే కదా సాపేక్షత?" అని మన సభ్యులొకరు అడిగారు. కాదండీ. అది మనుషులు చేసుకున్న ఏర్పాటు. 1906లో ఇండియన్ స్టాండర్డ్ టైము రాకముందు మన రైళ్ళు మద్రాసు టైముతో నడిచేవి. రెంటికీ దాదాపు 9 నిమిషాలు తేడా. అదీ ఏర్పాటే. నా గడియారం నాలుగు నిమిషాల తేడా వట్టి అజాగ్రత్త. ఐన్‌స్టీన్ చెప్పేది ఇవి కాదు. గడియారాలన్నీ ఏ లోపమూ లేకుండా నడిచినా, "రెండు చోట్ల ఒకే సమయానికి జరిగింది" అన్న మాట అందరికీ ఒకటి కాదు అంటాడు.

ఎందుకో చూడండి. నడిచే బండిలో కాఫీ కుర్రాడు ఇంజిను వైపు నడుస్తుంటే, గట్టు మీద నిలబడ్డవాడికి బండి వేగమూ కుర్రాడి వేగమూ కలిసి కనిపిస్తాయి. కాంతి అలా కలవదు. అది సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. బండి ఆగి ఉన్నా, దూసుకుపోతున్నా హెడ్‌లైటు వెలుగు వేగం ఎవరు కొలిచినా అంతే. భూమి కదలిక వల్ల కాంతి వేగంలో తేడా వస్తుందేమో చూద్దామని 1887లో అమెరికాలో మైకెల్సన్, మోర్లీ అనే ఇద్దరు ఎంతో జాగ్రత్తగా కొలిచారు. అనుకున్న తేడా దొరకలేదు. దాన్ని ఒప్పుకుంటే మిగతాదంతా వచ్చిపడుతుంది.

ఒక పొడవాటి బండి ఆగకుండా నా స్టేషన్ దాటుతోంది. ఇంజిను దగ్గర ఒకటి, బ్రేక్ వ్యాను దగ్గర ఒకటి, రెండు పిడుగులు పడ్డాయి. పట్టాల మీద ఆ రెండు గుర్తులకూ సరిగ్గా మధ్యలో పచ్చజెండాతో నేనున్నాను. రెండు మెరుపులూ నన్ను ఒకేసారి చేరాయి. దూరాలు సమానం, కాంతి వేగం సమానం, కాబట్టి రెండూ ఒకే క్షణంలో పడ్డాయంటాను. బండి నడిమధ్య పెట్టెలో టి.టి.ఇ. గారున్నారు. మెరుపు చేరేలోగా బండి కాస్త ముందుకు జరిగింది కనుక ఆయనకు ఇంజిను వైపు మెరుపు ముందు అందింది. "మీరు ఎదురెళ్ళారు, అందుకే అలా కనిపించింది" అని నేను నచ్చజెప్పబోతాను. ఆయన ఒప్పుకోరు. "నేను నా సీట్లోనే కూర్చున్నాను. ఇంజినూ బ్రేక్ వ్యానూ నాకు సమాన దూరం. రెండు వైపులనుంచీ కాంతి అదే వేగంతో వచ్చింది. ముందు అందింది ముందే పడి ఉండాలి" అంటారు. ఆయన మాటలో తప్పు పట్టలేం. నా మాటలోనూ పట్టలేం. ఎంక్వైరీ ఆఫీసరు వచ్చినా తేల్చలేడు.

"అయితే అంతా ఎవరిష్టం వారిదేనా?" అనకండి. అసలు సంగతి ఇక్కడుంది. ఆ రెండు పిడుగుల్లో ఒకటి రెండోదానికి కారణం కాదు. ఒకదాని కబురు రెండోదాన్ని, కాంతి వేగంతో వెళ్ళినా, అందుకునే వ్యవధి లేదు. అలాంటి వాటి క్రమమే చూసేవారిని బట్టి మారుతుంది. కారణం, ఫలితం ఉన్నచోట క్రమం ఎవరికీ తారుమారు కాదు. పక్క స్టేషన్ వారు సహకరించనిదే నా మెషీన్‌లోంచి టోకెన్ రాదు, టోకెన్ అందనిదే డ్రైవరు కదలడు. ఆ రాత్రి ఏ గడియారం ఏం చెప్పినా, ఏ గ్రహం మీదనుంచి చూసినా, లైన్ క్లియర్ ముందు, బండి తర్వాత. ఎంక్వైరీలో నేను చెప్పాల్సింది ఈ ఒక్క ముక్కే. అది వదిలేసి ఇంకొకరి వాచీని ఆడిపోసుకున్నాను.

కదిలే గడియారం, నిలబడి చూసేవారి లెక్కలో, నెమ్మదిగా నడుస్తుంది. ఇదీ పైదాని ఫలితమే. ఎంత నెమ్మదిగా? గార్డు గారు 35 ఏళ్ళు రాత్రింబగళ్ళు ఆగకుండా గంటకు 100 కిలోమీటర్లతో తిరిగినా, తేడా సెకనులో పది లక్షల వంతులు చేస్తే అందులో ఐదు వంతులు కూడా రాదు. కాగితం మీద లెక్క వేసుకుని వారింటికి వెళ్ళాను. "మీ వాచీ నిజంగానే స్లో అండీ, ఇదిగో ఇంత" అని చూపించి, క్షమించమన్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని సున్నాలు లెక్కపెట్టి, "ఇంతకా నాకు చెడ్డపేరు తెచ్చావు!" అని నవ్వారు. ఆయన కిందటేడు వెళ్ళిపోయారు. ఈ ప్రసంగం వారు వినవలసింది.

ఇంత చిన్న తేడాతో మనకేం పని అంటారా? ఆకాశంలో 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జి.పి.ఎస్. ఉపగ్రహాల్లో అణు గడియారాలున్నాయి. వేగం వల్ల అవి రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. 1915లో ఐన్‌స్టీన్ చెప్పిన రెండో భాగం ప్రకారం, భూమి ఆకర్షణ తక్కువున్న ఎత్తులో గడియారం త్వరగా నడుస్తుంది కనుక 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. నికరం 38 ఫాస్టు. 1977లో మొదటి సీసియం గడియారాన్ని పైకి పంపినప్పుడు ఇది నిజమో కాదో చూద్దామని, దిద్దుబాటు సర్క్యూటును దాదాపు 20 రోజులు ఆఫ్‌లో ఉంచారు. గడియారం చెప్పినంతా ఫాస్టుగా నడిచింది. ఇప్పుడు భూమ్మీదనే ఆ మేరకు నెమ్మదిగా నడిచేలా సరిచేసి పంపుతున్నారు.

మన ఇంజిన్లలో ఇస్రోతో కలిసి అమర్చిన ఆర్.టి.ఐ.ఎస్. పరికరం బండి ఎక్కడుందో ఉపగ్రహాల సాయంతోనే చెబుతుంది. ఆ 38 మైక్రోసెకన్లు సరిచేయకపోతే దూరం లెక్కలో ఒక్క రోజులో 11 కిలోమీటర్ల పైచిలుకు తేడా పేరుకుంటుంది. 11 కిలోమీటర్లంటే మన సింగిల్ లైను మీద ఒక బ్లాక్ సెక్షను. బండి నా స్టేషన్‌లో ఉందో, పక్క స్టేషన్‌లో ఉందో కంట్రోలరుకు తెలియదన్నమాట.

కార్యదర్శి గారు వాచీ చూపిస్తున్నారు. గోడ గడియారం ప్రకారం నాకింకా నాలుగు నిమిషాలున్నాయి. కాని కాఫీలు వచ్చేశాయి, చల్లారిపోతాయి. ప్రశ్నలుంటే అక్కడే మాట్లాడుకుందాం.