పిచ్చుకలకు వరి కుచ్చు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెన్షన్, డి.ఎ. బకాయిల గురించి పెద్దలు మాట్లాడారు. నాకిచ్చిన ఐదు నిమిషాల్లో పిచ్చుకల గురించి మనవి చేస్తాను.

మా చిన్నతనంలో కోతలవగానే వరి కంకుల్ని జడలా అల్లి, కుచ్చు కట్టి చూరుకు వేలాడదీసేవారు. గుళ్లలోనూ కట్టేవారు. ధనుర్మాసం పొద్దుటిపూట పిచ్చుకలు వాటిని పట్టుకుని ఊగుతూ వడ్లు ఒలుచుకు తినేవి. ఊక మన నెత్తిన పడేది! మిషను కోతలొచ్చాక అసలు కంకి దొరకడమే కష్టమైంది.

రిటైరయ్యాక మా డాబా ఇంటి వరండాలో నేనూ ఒక కుచ్చు కట్టాను. మూకుడులో నీళ్లు పెట్టాను. పిచ్చుకలొచ్చి మీటరు పెట్టె వెనక గూడు కట్టాయి. ఆ పుష్యమాసంలోనే, మందారకు పిండినల్లి పట్టిందని పురుగుమందు కొట్టాను. నాలుగోనాటికి గూట్లో పిల్లల అరుపు ఆగిపోయింది. మందు తగిలిన పురుగులే వాటి నోట్లో పడ్డాయో, పురుగులే దొరక్క పస్తులున్నాయో! మా ఆవిడ ఏమీ అనలేదు. నా చేతిలోంచి మందు డబ్బా తీసుకుని అటక మీద పెట్టేసింది.

వడ్లు పెద్ద పిచ్చుకలకే. గూట్లోని పిల్లలకు తల్లీ తండ్రీ ముందు పురుగుల్నే తెచ్చి పెడతాయని ఆ తర్వాత తెలుసుకున్నాను. ఫైలు పూర్తిగా చదవందే నోటు రాయనివాణ్ణి, ఇక్కడ మాత్రం చదవకుండానే సంతకం పెట్టాను.

ఇప్పుడు మందారకు వట్టి నీళ్లే గట్టిగా చిమ్ముతున్నాను. పిచ్చుకలకు నూకలు, కొర్రలు చాలు. కారప్పూస, బూందీ వేయకండి. నీళ్లు రోజూ మార్చాలి. కుచ్చు పిల్లికి అందకూడదు.

నాలుగు కుచ్చులు తెచ్చాను. కావలసినవారు సభ అయ్యాక నన్ను కలవండి.