ముందు మంచె, ఆ తరువాతే గొర్రెలు

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను గొర్రెల పెంపకం గురించి మాట్లాడమన్నారు. లెక్కల మాస్టారు ముందు వరసలో కూర్చుని ఉండగా గొర్రెల లెక్క చెప్పాల్సి రావడం అదృష్టమో, పరీక్షో తెలియదు. తపాలా శాఖలో పని చేసి, రిటైరయ్యాక అరకు దగ్గర మా ఊరికి వచ్చి గొర్రెలు పెట్టినవాణ్ణి. మొదటి ఏడు బాగా నష్టపోయాను. ముందుగా ఆ సంగతే చెబుతాను. ఎందుకంటే మనవాళ్లలో రిటైరైనవాళ్లు, ఉద్యోగం దొరకని కుర్రాళ్లు చాలామంది అదే దారిలో బయల్దేరుతున్నారు.

అప్పు చేసి మైదానం సంతలో పదిహేను గొర్రెలు, ఒక పొట్టేలు కొన్నాను. నెల్లూరు జాతి. ఎత్తుగా, చూడముచ్చటగా ఉన్నాయి. జూన్ మొదటి వారంలో లారీలో ఘాట్ ఎక్కించి, మట్టి నేల మీద వేసిన రేకుల పాకలో కట్టాను. టీకాలు తరువాత వేయించవచ్చులే అనుకున్నాను. వారం తిరక్కుండా వాన పట్టుకుంది. దసరా నాటికి ఏడు మిగిలాయి. పక్కింటి ముసలమ్మ వచ్చి పాకలోకి తొంగి చూసి, "ఆటి కాళ్లు తడవకూడదు బాబూ. మడిసికైతే గొడుగుంది, గొర్రెకేటుంది?" అంది. పుస్తకాల్లో నేను వెతికిన జవాబు అదే.

2019 పశుగణన ప్రకారం మన రాష్ట్రంలో 1.76 కోట్ల గొర్రెలున్నాయి. దేశంలో తెలంగాణ ఒక్కటే మనకంటే ముందుంది. కానీ వీటిలో ఎక్కువ భాగం రాయలసీమ, పల్నాడు, నెల్లూరు వైపు ఎండ నేలల్లో పెరిగేవి. మనది 900 మీటర్ల ఎత్తున్న లోయ. వాన ఎక్కువ, మంచు ఎక్కువ. తడి నేల మీద గిట్టల మధ్య చర్మం మెత్తబడి కుళ్లుతుంది. తడి గడ్డి మీద నట్టల పిల్లలు ఎక్కి కూర్చుంటాయి. పల్లపు మడుల్లో నత్తల వల్ల కార్జపు జలగ పడుతుంది. నా గొర్రెలకు ఈ మూడూ కలిసే వచ్చాయని తరువాత పశువైద్యుడు చెప్పారు. తప్పు జాతిది కాదు, నాదే.

అందుకని రెండోసారి ముందు మంచె కట్టాను. వెదురు మనకు కొదవ లేదు. నేల నుంచి మూడడుగుల ఎత్తులో బద్దల నేల వేసి, బద్దకూ బద్దకూ మధ్య పెంటికలు జారేంత, గిట్ట ఇరుక్కోనంత సందు వదలాలి. పెద్ద గొర్రె ఒక్కింటికి పది, పన్నెండు చదరపు అడుగులు చాలు. వాన కొట్టే వైపు తడిక, మిగతా వైపుల గాలి. కింద రాలిన పెంటికలు ఊడ్చి కాఫీ మొక్కల మొదళ్లలో వేసుకుంటున్నాం. మంచె పూర్తయి, వానలు వెనకబట్టాకే గొర్రెలు తెచ్చాను. అదీ ఆరే, చుట్టుపక్కల ఊళ్ల నుంచే. ఈ కొండల గాలికి, గడ్డికి అలవాటు పడినవి. ఒడిశా వైపు కొరాపుట్, గంజాం కొండల్లో పెరిగే గంజాం జాతి కూడా మనకు దగ్గరదే.

కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూడండి. రెండు పళ్లో, నాలుగు పళ్లో ఉన్నవి తీసుకోండి. తరువాత కంటి కింది రెప్ప లాగి చూడండి. ఎర్రగా ఉంటే సరే. పాలిపోయి తెల్లగా ఉంటే కడుపులో నట్టలు రక్తం తాగుతున్నట్టే. దవడ కింద నీరు దిగి ఉంటే ఎంత చవకగా ఇచ్చినా వద్దు. ఈ రెప్ప చూసే అలవాటు ఇంట్లో కూడా నెలకొకసారి ఉంచుకోండి. అందరికీ గుడ్డిగా నట్టల మందు తాగించే బదులు పాలిపోయినవాటికే తాగిస్తే మందు పనితనం పోకుండా ఉంటుంది.

ఆరు గొర్రెలకు సొంత పొట్టేలు దండగ. ఒక పొట్టేలు ఇరవై, పాతిక గొర్రెలకు సరిపోతుంది కాబట్టి నాలుగైదు ఇళ్లు కలిసి ఒకటి పెట్టుకోవచ్చు. రెండేళ్లకోసారి మార్చాలి, లేకపోతే తన పిల్లలనే దాటుతుంది. చూడి అయిదు నెలలు. సెప్టెంబరులో కట్టిస్తే ఫిబ్రవరిలో ఈనుతాయి, పిల్లలు డిసెంబరు చలి తప్పించుకుంటాయి. అప్పటికి గడ్డి ఎండిపోతుంది, నిజమే. కానీ పనస ఆకు, అవిశ, సుబాబుల్ ఉన్నాయి కదా. పుట్టిన గంటలోపు పిల్ల ముర్రుపాలు తాగిందో లేదో మీ కళ్లతో మీరే చూడాలి.

టీకాలు మానవద్దు. తొలకరి లేత గడ్డి మేసి ఉన్నట్టుండి పడిపోయే చిటుక రోగానికి వానలకు ముందే వేయించాలి. పీపీఆర్ అనే పారుడు రోగాన్ని 2030 నాటికి ప్రపంచంలోనే లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకున్నారు. ఒకసారి టీకా వేస్తే దాదాపు మూడేళ్లు కాస్తుంది. గిట్టలకు మైలతుత్తం నీళ్లలో నడిపించేవాళ్లు ఆ నీళ్లు తాగనివ్వకండి. రాగి గొర్రెకు విషం.

ఇక పథకాలు. జాతీయ పశుసంపద మిషన్ కింద వంద గొర్రెలు, అయిదు పొట్టేళ్ల యూనిట్‌కు ఖర్చులో సగం, 10 లక్షల వరకు రాయితీ ఉంది. మిగతా సగం మనం పెట్టాలి లేదా అప్పు చేయాలి. రెండెకరాల మెట్టున్న ఇంటికి అది తగదని నా అభిప్రాయం. తెలంగాణలో 2017లో 75 శాతం రాయితీతో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచినప్పుడు కూడా, దూరం నుంచి తెచ్చిన గొర్రెలు కొన్నిచోట్ల చనిపోయాయని, కొన్ని తిరిగి అమ్ముడుపోయాయని పత్రికల్లో చదివాం. అప్పు ఒకేసారి వస్తుంది. మంద మాత్రం మెల్లగానే పెరుగుతుంది. ఆరింటిలో అయిదు ఈని, ఒక పిల్ల పోయి, నాలుగు మిగిలితే రెండు ఆడవి ఉంచుకుంటాం, రెండు పోతులు అమ్ముతాం. ఈ లెక్కన మూడో ఏడు చివరికి పది, పన్నెండు గొర్రెలవుతాయి. మాస్టారూ, తప్పుంటే దిద్దండి.

గురువుల ఎదుట ఇంకొక్కమాట. మంచు ఆరాక తోలుకెళ్లి సాయంత్రం దాకా కాయాలి. ఎవరు కాస్తారు? మా తరంలో ఆ పని పిల్లలది. నాతో ఒకటో తరగతి చదివిన వాళ్లలో ఇద్దరు మూడో తరగతికి రాలేదు, మంద వెనక వెళ్లిపోయారు. నాకంటే బాగా చదివేవాళ్లు. ఈ బడి యాభై ఏళ్ల పండగకు వాళ్లకు ఆహ్వానం వెళ్లలేదు, వాళ్ల పేర్లు పూర్వ విద్యార్థుల పట్టీలో లేవు కనుక. అందుకే ఎన్ని గొర్రెలు పెట్టాలని ఎవరైనా అడిగితే, ఇంట్లో ఎంతమంది పెద్దవాళ్లు ఖాళీగా ఉన్నారని తిరిగి అడుగుతాను. మా వీధిలో అయిదు ఇళ్లవాళ్లం వంతులు పెట్టుకున్నాం.  ఆ వంతుల్లో పిల్లలు లేరు. అడవి అంచున మేపుకోవడానికి 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక హక్కు ఇస్తుంది. దానికి గ్రామసభలో అర్జీ పెట్టుకోవాలి. అది కూడా ఇళ్లన్నీ కలిస్తేనే తేలిక.

ఇప్పుడు మా ఇంట పద్నాలుగు ఉన్నాయి. పాత అప్పు ఇంకా కొంచెం ఉంది. మొదలుపెట్టాలనుకునేవాళ్లు ముందుగా వచ్చి మా మంచె చూడండి. కొలతలు రాసుకుని వెళ్లి, వానలకు ముందే వెదురు కొట్టుకుని ఉంచుకోండి. గొర్రెల మాట దీపావళి తరువాత చూద్దాం.