టీకాకు గంజి
(భవాని పేట్‌లో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



టీకాలో అసలు సరుకుతో పాటు దానికి బలమిచ్చే పదార్థం ఒకటి తరచుగా కలుపుతారు. దాని పేరు అడ్జువెంట్. మన పేటలో ఇది చెప్పడం తేలిక. పడుగుకు గంజి పెట్టకుండా మగ్గమెక్కిస్తే నూలు తెగుతుంది. గంజి బట్ట కాదు, కానీ అది లేనిదే బట్ట దిగదు. ఇది ఉత్త పోలిక కూడా కాదు. 1925లో ఫ్రాన్సులో గాస్టన్ రామన్ గుర్రాలకు వేసే టీకాలో నిజంగానే కర్రపెండలం పిండి కలిపి చూశాడు. రక్తంలో ప్రతిరక్షకాలు పెరిగాయి! మరుసటి ఏడే ఇంగ్లండులో గ్లెన్నీ పటిక వాడాడు. అల్యూమినియం లవణాలు నేటికీ మన పిల్లల టీకాల్లో ఉన్నాయి.

ఇక డీఎన్ఏ టీకా. మామూలు టీకాలో క్రిమినో, దాని ముక్కనో ఇస్తారు. డీఎన్ఏ టీకాలో ఆ ముక్కను తయారుచేసే నమూనా మాత్రం ఇస్తారు. చద్దరు పంపకుండా జకార్డు అట్టలు పంపినట్టన్నమాట. నేసేది మన కణాలే. 2021 ఆగస్టు 20న మన దేశం అనుమతించిన జైకోవ్-డి మనుషులకు వచ్చిన మొదటి డీఎన్ఏ టీకా. అది కరోనాకు. తమాషా ఏమిటంటే, 1897లో అదే ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు.

మలేరియాకు మాత్రం అలాంటి టీకా ఇంకా రాలేదు. ఈ పరాన్నజీవికి అయిదు వేలకు పైగా జన్యువులు. కాలేయంలో ఒక రూపం, రక్తంలో ఒక రూపం. కణాల లోపల దాక్కుంటుంది గనుక ప్రతిరక్షకాలు చాలవు, టి-కణాలూ కదలాలి. పటిక ఆ పని సరిగా చేయదు. అందుకే శరీరం తనలో తాను సందేశానికి వాడే ప్రోటీన్ల జన్యువులను టీకాతో కలిపి చూస్తున్నారు. 1994లో లీష్మేనియా టీకాకు ఐఎల్-12 ప్రోటీన్ కలిపితే ఎలుకలకు రక్షణ దొరికింది. మనుషుల్లో మలేరియా డీఎన్ఏ టీకాకు వేరే సందేశ జన్యువు కలిపి చూస్తే రక్షణ రాలేదు. ఎలుకలో గెలిచిందల్లా మనిషిలో గెలవదు, పేపర్లో వార్త చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

అడ్జువెంటు సరిగా కుదిరితే ఏమవుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఆర్21 మలేరియా టీకాను 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. అది ప్రోటీన్ టీకా. అందులోని మ్యాట్రిక్స్-ఎం అనే అడ్జువెంటు చిలీ దేశపు క్విలాయా చెట్టు బెరడు నుంచి తీసిన పదార్థంతో చేస్తారు.

తల్లులారా, తండ్రులారా! పన్నెండో తరగతి కాగానే కార్ఖానాకో, బీడీలకో పంపితే ఆ నెల ఇల్లు గడుస్తుంది, కాదనను. అయితే ఈ పని చేసే ప్రయోగశాలలు పుణెలోనూ, హైదరాబాదులోనూ ఉన్నాయి. ఐసర్ పుణెలో చేరాలంటే ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో జీవశాస్త్రంతో పాటు గణితం ప్రశ్నలూ ఉంటాయి. డాక్టరు సీటు కోసం పదకొండులో గణితం వదిలేద్దామనుకునే పిల్లలు ఫారం నింపక ముందే ఈ సంగతి ఇంట్లో మాట్లాడుకోండి.