ఇత్తడి మెరుపు, ఇత్తడి బలము

అరకు లోయలో వానలు పట్టినవనిన ఇంటింట నొకటే మాట: “నిన్న తోమిన బిందె నేడు నల్లబడినది.” ఆ బిందెను తోము పద్ధతులను గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది ఆడువారి పని యని పెద్దలు చెవి మరల్పవలదు. ఇందులో తుపాకి తూటాల కథయు గలదు.

ఇత్తడి యనగా రాగియు తుత్తునాగమును గలిసిన లోహము. తూటా గొట్టముల యిత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము.

మన పద్ధతులు మూడు. బూడిదలోని క్షారము జిడ్డును విడదీయును. కాని దానితో చేర్చు ఇసుకయు ఇటుకపొడియు నలుపుతోపాటు లోహమునుగూడ గీకివేయును. ఏటేట రేకు పలుచనగును. చింతపండు పులుపు గీతలు పడకుండ చిలుమును కరగించును. కాని రాత్రియంతయు నుంచినచో తుత్తునాగము ముందుగా కరగి పాత్ర యెఱ్ఱబారును. కుంకుడు నీరు జిడ్డును దీయును, నలుపును దీయలేదు. లోహమునకు మాత్రము హాని చేయదు.

కావున ముందు కుంకుడు నీరు, పిదప కొద్దిసేపు చింతపండు, ఆపై మంచినీరు, తుదకు పొడిగుడ్డ. ఇది నా యనుభవమున మేలైన వరుస. లైసెన్సు పొంది, కాల్చిన గొట్టములలో మరల మందు నింపుకొను గురికాండ్రును ఇట్టి క్రమమునే పాటింతురు: సబ్బునీరు, పలుచని నిమ్మపులుపు, పలుమారులు కడుగుట, పూర్తిగా ఆరబెట్టుట. పలుచబడిన గొట్టము పగిలినచో వేడి వాయువు కాల్చువాని మొగముమీదికే రావచ్చును.

ఇక నా తప్పు చెప్పుకొందును. మా యింటి పెండ్లినాటి బిందెను ఒక వానకాలము పశువుల శాల యటకపై నుంచితిమి. సంక్రాంతికి దింపిచూడగా మెడచుట్టును వెండ్రుకవంటి బీటలు. ఎవరును కొట్టలేదు, రేకు పలుచనగాలేదు. నేను సంతలో పదుగురిలో కంచరిని దూషించితిని. అతడు మాఱు పలుకక సొమ్ము తిరిగి యిచ్చెను.

చాల యేండ్లకు నిజము తెలిసినది. వెనుక బ్రిటిషు సైన్యము మన దేశమున వానకాలమందు గుఱ్ఱపుశాలలలో దాచిన తూటాలకును ఇట్లే బీటలు పడెను. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అను శాస్త్రజ్ఞులు కారణమును వివరించిరి. కొట్టి, లాగి మలచిన ఇత్తడిలో బిగువు నిలిచియుండును. పశువుల మూత్రమునుండి లేచు అమ్మోనియా ఆవిరి తేమతో గూడి, ఆ బిగువున్నచోట లోహమును చీల్చును. మలచిన పిదప తగుమాత్రము వేడిచేసిన బిగువు సడలును. బజారు మెరుగుమందులలో కొన్నింట అమ్మోనియా యుండును. గొట్టములకు వానిని వాడరాదు.

తప్పు కంచరిది కాదు, నాది. ఆ మాట చెప్పుటకు పోవునప్పటికి అతడు లేడు.

అడవిలో తూటా కనబడినచో తోమబోవలదు, తాకనే వలదు, పోలీసువారికి తెలుపుడు. రేపుదయము మీ పశువుల శాల యటక చూడుడు. ఇత్తడి యున్నచో దింపుడు. మెరుపు తోమిన వచ్చును. పోయిన బలము రాదు.